రొయ్య రెండో కన్ను

ఫొటోలో ఆయన రెండు కళ్లూ బాగున్నాయి. అందుకే గుమ్మంలో చెప్పులు విప్పి తలెత్తగానే, వేరే ఎవరింటికో వచ్చేశానేమో అనుకున్నాను. వెనక్కి తిరిగి వీధి కూడా చూసుకున్నాను. వీధి అదే. మేస్త్రీ మాట వినకుండా ఆయనే దగ్గరుండి వంకరగా కట్టించుకున్న ప్రహరీగోడా అదే.

ఆ రోజు మా మాస్టారి పెద్దకర్మ. హాల్లో కుర్చీలో పెట్టి గులాబీల దండ వేసిన పెద్ద ఫొటోలో, కోటూ టై తొడుక్కున్న ఒక పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూస్తున్నాడు. మా మాస్టారు జన్మలో టై కట్టుకోలేదు. బందరు ఉక్కపోతలో చొక్కా పై గుండీ పెట్టుకున్నవాణ్ణి చూసినా ఆయనకి ఊపిరాడేది కాదు. పైగా ఆయన ఎడమ కంటి రెప్ప ఎప్పుడూ సగానికి వాలి ఉండేది. చిన్నప్పుడు నందివాడ దగ్గర వాళ్ల ఊళ్లో కుప్పలు నూరుస్తుంటే వడ్ల గింజ ఎగిరొచ్చి కంట్లో పడిందట. నులిమి నులిమి పుండు చేసుకున్నారట. అప్పట్నుంచీ ఆ రెప్ప పూర్తిగా లేవలేదు. ఫొటోలో మాత్రం రెండు రెప్పలూ సమానంగా లేచి, ఎవరో క్లాసులో గట్టిగా అరిస్తే ఉలిక్కిపడ్డవాడిలా ఉన్నారు.

బయట షామియానా స్తంభానికి మా కాలేజీ కరస్పాండెంటు గారు కట్టించిన ఫ్లెక్సీ ఒకటి ఉంది. అందులో మాస్టారి పేరుకి ముందు 'డా.' అని పెద్ద అక్షరాలతో ఉంది. బతికున్నంతకాలం ఆ ఒక్క అక్షరం దక్కనివ్వని లోకం, పోయిన పన్నెండో రోజుకల్లా దాన్ని రంగుల్లో అచ్చు వేయించి పెట్టింది. నాకు ఒళ్లు మండింది. ఇక్కడే చెప్పేస్తున్నాను, ఇది చల్లగా రాసిన సంతాపవ్యాసం కాదు.

ఆయన బందరు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. నేను ఆయన కింద కొత్తగా చేరిన లెక్చరర్ని. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు తిరగలి మాస్టారు. ఏ వస్తువు చేతికొచ్చినా దాన్ని నిదానంగా ఒక చుట్టు తిప్పి చూడందే ఆయన మాట్లాడేవారు కాదు. మార్కెట్లో వంకాయ తిప్పేవారు. ఇంట్లో ఉప్మా ప్లేటు తిప్పేవారు. తిప్పడానికి వీలుకాని వస్తువైతే దాని చుట్టూ ఆయనే తిరిగేవారు. గుడివాడ బస్సెక్కే ముందు బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవారు.

"మాస్టారూ, లోపల దేవుడేం లేడు, ఎక్కండి!" అని కండక్టరు అరిచేవాడు.

"వెనక టైరు చూశావుటయ్యా?" అనేవారు ఈయన తాపీగా. ఒకసారి నిజంగానే ఆ టైరు సగం దారి దాటకుండానే పేలింది. దాంతో ఆ రూట్లో డ్రైవర్లు ఆయన్ని చూస్తే శకునం చూసినట్టు భయపడేవాళ్లు.

ఎలా ఉన్నారు మాస్టారూ అని ఎవరైనా పలకరిస్తే, "ఎటునుంచి చూస్తే?" అని అడిగేవారు. ఇది చమత్కారం కాదు. ఆయన నిజంగానే జవాబు కోసం ఆగేవారు. స్టాఫ్‌రూమ్‌లో ఎవరి మీదైనా చాడీ మొదలైతే చేయెత్తి, "ఉండండుండండి. ఇది ఒక వైపు నీడే కదా. ఆయన్ని కూడా పిలిపిద్దాం, అటువైపు కూడా చూద్దాం," అనేవారు. చాడీలకి ఇంతకంటే పెద్ద శత్రువు ఉండదు. అందుకే ఆయన లోపలికి రాగానే స్టాఫ్‌రూమ్ మొత్తం సిలబస్ గురించి మాట్లాడ్డం మొదలుపెట్టేది.

కన్ను సరిగ్గా లేక అలా తిరుగుతాడని కొందరు అనుకునేవారు. కాదు, అది నా పద్ధతి అనేవారు ఆయన. ఏది నిజమో నాకు తెలీదు. వాళ్లావిడ, నేను పిన్నిగారు అని పిలిచేవాణ్ణి, ఒకసారి కాఫీ ఇస్తూ అసలు సంగతి చెప్పారు.

"నా పెళ్లిచూపుల్లో కూడా ఇంతే నాయనా. నేను పళ్లెం పట్టుకొచ్చి కూర్చున్నానా, ఈయన లేచి కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డారు. అక్కణ్ణుంచి నన్ను ఒకసారి చూసి మళ్లీ వచ్చి కూర్చున్నారు. మా నాన్న హడలిపోయాడు, పిచ్చాడేమోనని."

"మరి మీరు?"

"నేనూ చూశాగా, ఆయన కిటికీవైపు తిరిగినప్పుడు," అని నవ్వి లోపలికెళ్లిపోయారు.

ఆయన పరిశోధన కూడా ఈ తిప్పడం మీదే. కాలేజీలో దాని పేరు సరిగ్గా పలకగలిగినవాడు లేడు, నాతో సహా. అర్థమైనంతవరకు చెబుతాను. ఆస్పత్రిలో తీసే ఎక్స్‌రే అడ్డొచ్చినదాన్నే చూపిస్తుంది. ఎముక కిరణాన్ని ఆపుతుంది కాబట్టి ఎముక కనపడుతుంది. మెత్తటి వాటిలోంచి కిరణం దాదాపు ఆగకుండా వెళ్లిపోతుంది కాబట్టి కండలో కండ, పొరలో పొర కనపడవు. కానీ వెళ్లే కిరణం ఆగకపోయినా రవ్వంత వంగుతుంది. వస్తువు వెనక కాస్త దూరం వదిలి చూస్తే ఆ వంపు సన్నటి తెల్ల గీతలుగా, నల్ల గీతలుగా బయటపడుతుంది. వస్తువుని కొద్దికొద్దిగా తిప్పుతూ అన్ని వైపుల నుంచీ అలాంటి బొమ్మలు తీసి, ఆ గీతల్లోంచి వంపుని లెక్కగట్టి, ఆ వంపుల్లోంచి లోపలి రూపాన్ని మళ్లీ కట్టాలి. కోయకుండా, తెరవకుండా. ఆ కట్టే లెక్క ఆయనది.

నాకు ఇది కాలేజీలో అర్థం కాలేదు, మంగినపూడి బీచ్‌లో అయింది. పిల్లల్ని పిక్నిక్‌కి తీసుకెళ్లాం. అందరూ అలల్లో గెంతుతుంటే మాస్టారు పంచె మోకాళ్లదాకా ఎగ్గట్టి, ఒడ్డున నిలిచిన లోతులేని నీళ్లలోకి వంగి చూస్తున్నారు. అడుగున ఇసక మీద ఎండ వెలుగు గీతలు గీతలుగా కదులుతోంది.

"చూడండి. నీళ్లు ఎండని ఆపట్లేదు. ఆపకపోయినా గీతలెక్కణ్ణుంచొచ్చాయి? పైన అల వంచింది. మీరు పైకి చూడకూడదు. ఈ ఇసక మీద గీతలు మాత్రమే చూసి పైన అల ఎలా ఉందో చెప్పాలి. చెప్పగలరా?"

"కుదరదండీ. ఒకే గీతకి పది రకాల అలలుండొచ్చుగా?"

"ఆఁ! అదే మన గొడవ," అని ఆయన ఎంత సంబరపడ్డారో. "కొంత కొలిచింది, కొంత ఊహించింది. ఊహ లేకుండా బొమ్మ రాదు. ఎక్కువైతే మనకి కావాల్సిన బొమ్మే వస్తుంది." ఈ లోపల ఒక అల వచ్చి ఆయన చెప్పులు పట్టుకుపోయింది. వాటిని ఆయన ఏ వైపు నుంచీ చూడలేదు.

ఇక మా కాలేజీ సంగతి. కరస్పాండెంటు గారు బియ్యం మిల్లు నడిపిన చేత్తోనే కాలేజీ కూడా నడిపేవారు. రెండింట్లోనూ లోపలికి వెళ్లింది త్వరగా పాలిషయి బయటికి రావాలి. కంప్యూటర్ గదికి ఏసీ పెట్టించారు, ఫిజిక్స్ గదికి ఫ్యాను పెట్టించలేదు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల కొందరి డాక్టరేట్లు వేసవి సెలవుల్లో పుట్టి దసరా సెలవుల్లోపు నడక నేర్చేవి. మాస్టారిది మాత్రం ఏళ్ల తరబడి పాకుతూనే ఉంది. ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీ కాబోతోంది. గుడివాడలో పోటీ కాలేజీకి డాక్టరు ప్రిన్సిపాల్ ఉన్నాడు, మనకి లేడని కరస్పాండెంటు గారికి బెంగ. "ఎప్పుడయిద్దండీ మీ బొమ్మ?" అని ఎదురుపడ్డప్పుడల్లా అడిగేవారు, సీమంతం అయిన ఇంట్లో అడిగినట్టు.

కుర్చీ మీద మాస్టారికి పెద్ద మోజు లేదు. పట్టా మీద ఉంది. పిన్నిగారికైతే ప్రాణం. పిల్లల్లేని ఇంట్లో ఆ పరిశోధనే ఒక పిల్లలా పెరిగింది. అది గట్టెక్కాలని ఆవిడ కార్తీకమాసం నెల్లాళ్లూ దీక్ష పట్టారు. ఇంట్లోకి నీచు రాకూడదు, ఇంటి యజమాని చేత్తో ముట్టుకోకూడదు. సరిగ్గా ఆ కార్తీకంలోనే రొయ్య అవసరం పడింది.

ఆ కిరణాలు పుట్టించే మెషీన్ ఊరంత ఉంటుంది. అదేదో పై దేశంలో ఉంది. ఉత్తరాదిలో పెద్ద ప్రొఫెసరుగా ఉన్న మాస్టారి గైడుకి అక్కడ పరిచయాలుండి, కాస్త సమయం ఇప్పించారు. పలచటి పెంకు, లోపల మెత్తటి వస్తువు ఏదైనా ఈ వారంలో పంపమన్నారు. బందరులో ఉన్నవాడికి ఎండు రొయ్య కాక ఇంకేం తోస్తుంది?

నా స్కూటర్ మీద గిలకలదిండి చేపలరేవుకి వెళ్లాం. ఒడ్డున టార్పాలిన్ పట్టాల మీద రొయ్యలు ఎండుతున్నాయి. అమ్ముతున్నామె దగ్గరికి వెళ్లి మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"ఒక్కటి కావాలమ్మా."

"ఒక్క కేజీయా?"

"ఒక్క రొయ్య."

ఆమె నా వైపు చూసింది, ఈయన్ని ఎవరైనా కనిపెట్టుకుని ఉన్నారా అన్నట్టు. "పిల్లికాండీ?"

"కాదమ్మా, ఫొటో తీయించడానికి."

"మాకే ఫొటోల్లేవు," అంటూ పైనున్నదొకటి తీసింది. మాస్టారు వెనక్కి తగ్గి, "నేను ముట్టుకోకూడదమ్మా, కార్తీకం. నువ్వే ఈ గొట్టంలో వేసి, దూది పెట్టి మూతెయ్యి," అని గాజు గొట్టాన్ని తువ్వాలుతో పట్టుకుని చాచారు. ఆమె వేసింది. మూత బిగిసింది. అటునుంచి అటే పోస్టాఫీసుకి.

వంకాయని, బస్సుని, పెళ్లికూతురినీ చుట్టూ చూసిన మనిషి, జీవితం మొత్తం ఆధారపడ్డ రొయ్యని తిప్పి చూడలేదు. ఆ పూట నాకది తోచలేదు. ఆయనకీ తోచలేదు.

కొన్నాళ్లకి బొమ్మలు సీడీల్లో వచ్చాయి. అయితే రొయ్యని పూర్తిగా తిప్పకముందే మెషీన్ దగ్గర వీళ్ల వంతు అయిపోయిందట. కొన్ని వైపుల బొమ్మలు లేవు. లెక్క కట్టి చూస్తే రొయ్య ఒళ్లంతా బాగానే వచ్చింది కానీ, తలకి ఎడమపక్క అంతా సాగదీసిన చారలు. ఆ ఏసీ గదిలో మాస్టారు ఏడాది పైగా ఆ చారలతో కుస్తీ పట్టారు. సగం లెక్క అయ్యేసరికి కరెంటు పోయేది. మళ్లీ మొదట్నుంచీ.

గైడు ఫోన్లో సులువు చెప్పారట. రొయ్య కుడిఎడమలు ఒకేలా ఉంటాయి కదా, ఆ సంగతి లెక్కలో కలిపెయ్యి, చారలు పోతాయి అని.

"చూడని వైపు ఇలాగే ఉంటుందని నేనెలా చెబుతానండీ?" అని మాస్టారు నాలుగు నెలలు మొరాయించారు. రిటైర్మెంటు దగ్గర పడింది. పిన్నిగారు రెండో కార్తీకం దీక్ష పట్టారు. ఒకరోజు ఏమనుకున్నారో, కలిపేశారు.

బొమ్మ వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. దాన్ని వర్ణించడం నా వల్ల కాదు. కత్తి పెట్టని రొయ్య, పొరపొరగా పెంకు, దారంలా నడుం వెంట పేగు, పీచుపీచుగా కండ, అన్నీ అద్దంలో ఉన్నట్టు ఉన్నాయి. తల మీద చారలు మాయం. రెండు కళ్లు. ఆ కళ్లు మాత్రం కాస్త పల్చగా ఉన్నాయి.

"ఎండింది కదండీ, అలాగే ఉంటాయి," అన్నారు మాస్టారు. వాలిన రెప్ప కిందనుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. నాకూ కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత కథ కరస్పాండెంటు గారి చేతిలోకి వెళ్లింది. వారం తిరక్కుండా కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ లేచింది. మనిషంత రొయ్య, రెండు కళ్లతో. పక్కన మాస్టారు, ఆయన సైజు చిన్నది. కింద 'రొయ్య గుండెను చదివిన మచిలీపట్నం మేధావి' అని. ఇంకా పరీక్ష కాలేదు, పెద్దలు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే ఘట్టం మిగిలే ఉంది. అయినా ప్రిన్సిపాల్ గది బోర్డు మీద పెయింటరు 'డా.' అని రాసి, పేరుకి జాగా వదిలేశాడు.

రొయ్య బొమ్మని దివిసీమ రైతులు చూసిన చూపు వేరు. తెల్లమచ్చ రోగంతో చెరువులకి చెరువులు తేలిపోయిన రోజులవి. కోడూరు వైపు నుంచి ఒకాయన పాలిథీన్ కవర్లో నీళ్లూ బతికున్న రొయ్యా పట్టుకుని మా డిపార్ట్‌మెంటుకి వచ్చేశాడు. అప్పటికే రెండు పంటలు పోయినవాడు.

"రోగం లోపల మొదలైందో లేదో ఫొటో తీసి చెప్పండి మాస్టారూ. మొదలైతే ఇయ్యాలే పట్టేసి అమ్ముకుంటా. లేకపోతే ఉంచుతా. అంతే నాక్కావాల్సింది."

"ఆ మెషీన్ నా దగ్గర లేదు బాబూ. ఉన్నా ఒక్క రొయ్యకి ఏళ్లు పడుతుంది."

"ఏళ్లా! నాలుగు నెల్లే కదండీ దాని బతుకు." ఆయన కిటికీలోంచి గేటు వైపు చూశాడు. "మరి అంత బాగా కనపడతంది కదండీ అక్కడ. ఉన్నది ఉన్నట్టు."

ఆయన కవరు పట్టుకుని వెళ్లిపోయాక మాస్టారు బల్ల మీద పడ్డ నీటిచుక్కల్ని వేలితో తుడుస్తూ కూర్చున్నారు.

పరీక్ష కొద్ది రోజుల్లో ఉందనగా ఒక పార్శిల్ వచ్చింది. పై దేశం వాళ్లకి బుద్ధి ఎక్కువ, వాడుకున్న రొయ్యని తిరిగి పంపారు. అప్పుడు కార్తీకం కాదు. మాస్టారు మూత తీసి, రొయ్యని రెండు వేళ్లతో పట్టుకుని, అలవాటుగా ఒక చుట్టు తిప్పారు. సగంలో ఆగారు. మళ్లీ వెనక్కి తిప్పారు.

"ఇటు రండి," అన్నారు నన్ను.

రొయ్యకి కుడి కన్ను ఉంది. ఎడమ కన్ను ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"దారిలో రాలిపోయుంటుందండీ," అన్నాను వెంటనే. నాకు ఆ క్షణంలో అంతకంటే అందమైన అబద్ధం దొరకలేదు. ఆయన గొట్టం బోర్లించి, దూది పీచుపీచుగా విప్పి తెల్ల కాగితం మీద దులిపి చూశారు. ఏం రాలలేదు. లేచి కంప్యూటర్ గదికి వెళ్లి, ఏ లెక్కా కలపని మొదటి బొమ్మలు తెరిచారు. అటునుంచి చూసినా ఇటునుంచి చూసినా ఒకటే కన్ను, చిక్కగా. రెండోది దాని చాటున ఉందనుకున్నాం ఇన్నాళ్లూ.

"పల్చగా ఎందుకొచ్చాయో తెలిసిందా?" అన్నారు నెమ్మదిగా. "కుడిఎడమలు ఒకటేనని చెప్పాను కదా దానికి. ఉన్న ఒక్క కంటినీ చెరిసగం చేసి రెండువైపులా పెట్టింది. అన్నదమ్ముల పంపకం."

కరస్పాండెంటు గారికి ఈ సంగతి చెప్పడానికి నేనూ వెళ్లాను. ఆయన విని, ముందు ఊపిరి పీల్చుకున్నారు. ఇంకేదో అనుకున్నారట.

"ఏవండీ, రొయ్యకి రెండు కళ్లుంటాయా ఉండవా?"

"ఉంటాయండి."

"మీ బొమ్మలో ఎన్నున్నాయి?"

"రెండు."

"మరింకేం! బొమ్మ కరెక్టు. రొయ్యే తప్పు."

ఈ ముక్క ఆయన వేళాకోళంగా అనలేదు. బల్ల గుద్ది మరీ అన్నారు. ఒక్కోసారి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, ఒక్కోసారి ఈ దేశంలో చాలా పనులు ఈ సూత్రం మీదే నడుస్తున్నాయని తోచి నవ్వు ఆగిపోతుంది.

"కోడూరాయన అడిగింది ఒక్కటేనండీ, ఉన్నది ఉన్నట్టు చెప్పమని," అన్నారు మాస్టారు. "నా లెక్క లేని కన్ను చూపించింది. రేపు లేని రోగం చూపిస్తుంది. ఉన్న రోగాన్ని దాస్తుంది."

"పట్టా చేతికొచ్చాక ఇవన్నీ తీరిగ్గా చూసుకోండి మాస్టారూ. ఆదివారం సన్మానం. కార్డులు పంచేశాం."

ఇంటికెళ్లి పిన్నిగారికి ఎలా చెప్పారో నాకు తెలీదు. మర్నాడు నేను వెళ్లేసరికి ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని ఉన్నారు. "నా దీక్షే కొంప ముంచిందా నాయనా?" అని నన్నడిగారు. లోపల్నుంచి మాస్టారు, "దీక్ష కాదు. కిందకి వంగి చుట్టూ తిరిగి చూసినా సరిపోయేది. ముట్టుకోవద్దన్నావు గాని చూడొద్దన్నావా?" అన్నారు. ఆవిడ కళ్లు తుడుచుకుని లేచారు. ఆ పూట కాఫీలో పంచదార వెయ్యడం మర్చిపోయారు, మేమిద్దరం అడగలేదు.

ఆదివారం సన్మానం ఘనంగా జరిగింది. వేదిక మీద శాలువాలు, దండలు. చిలకలపూడిలో ప్రత్యేకంగా చేయించిన రోల్డ్‌గోల్డ్ రొయ్య, కళ్లకి రెండు ఎర్రరాళ్లు. మాస్టారి వంతు రాగానే ఆయన మైకు దగ్గరికి వెళ్లలేదు. వేదిక దిగి, గేటు దగ్గరికి నడిచి, పెయింటరు చేత నిచ్చెన తెప్పించి వేయించుకుని పైకెక్కారు. చొక్కా జేబులోంచి నల్లరంగు డబ్బా, కుంచె తీసి ఫ్లెక్సీ రొయ్య ఎడమ కన్ను మీద గుండ్రంగా పూసేశారు.

జనం ఒక్క క్షణం బిత్తరపోయారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. కరస్పాండెంటు గారు మైకు అందుకుని, "మాస్టారు మన రొయ్యకి దిష్టిచుక్క పెట్టారు!" అన్నారు. ఇక చప్పట్లే చప్పట్లు.

"దిష్టి కాదండీ! ఆ కన్ను నేను పెట్టింది! దానికి లేదు!" అని నిచ్చెన మీంచి ఆయన అరుస్తూనే ఉన్నారు. వినపడినవాళ్లు ఎంత వినయమో అనుకున్నారు. డబ్బా, కుంచె జేబులో పెట్టుకుని దిగి వచ్చారు. అంతమంది చప్పట్ల మధ్య అంత ఒంటరిగా నడిచిన మనిషిని మళ్లీ చూడలేదు.

థీసిస్ ఆయనే వెనక్కి తీసుకున్నారు. గైడుకి కోపం వచ్చింది. మెషీన్ దగ్గర మళ్లీ వంతు దొరకలేదు. కుర్చీలోకి దసరాలోపు డాక్టరయిన ఒకాయన వచ్చారు. బోర్డు మీద 'డా.' ముందే ఉంది కాబట్టి పెయింటరుకి పని తగ్గింది. రోల్డ్‌గోల్డ్ రొయ్యని కూడా ఆయనకే ఇచ్చేశారు.

మాస్టారు ఉన్న బొమ్మల్తోనే, ఏ ఊహా కలపకుండా, మళ్లీ కట్టారు. తలకి ఎడమపక్క చారలు చారలుగా చెదిరిపోయిన రొయ్య. దాన్ని ఫ్రేము కట్టించి డిపార్ట్‌మెంటు గోడకి తగిలించారు. చూసినవాళ్లంతా ప్రింటు పాడైందనేవారు. "పాడు కాలేదండీ. అటువైపు చూళ్లేదు, అంతే," అనేవారు ఆయన ఓపిగ్గా ప్రతిసారీ. రిటైరైన రోజు ఆ ఫ్రేమొక్కటే చంకలో పెట్టుకుని ఇంటికెళ్లారు.

ఇప్పుడు ఈ హాల్లో నేను ఫొటో ముందు నిలబడి ఉండగా, కరస్పాండెంటు గారు వచ్చి నా భుజం తట్టారు. పెద్దవారయ్యారు. కళ్లు తడిగానే ఉన్నాయి. ఆయన చెడ్డమనిషి కాదు, అదే వచ్చిన చిక్కు.

"ఇంట్లో ఎక్కడ వెతికినా ఒక్క ఫొటోయే దొరికింది. అది కూడా చెమ్మకి ఎడమపక్క మొహం అంతా పోయింది. స్టూడియోలో ఇచ్చాను. కుడిపక్కని తిప్పి ఎడమపక్క అతికించాడు, కంప్యూటర్ మీద. కోటు కూడా వాడే వేశాడు. ఎంత బాగా కుదిరిందో చూడు!"

నేను ఏమంటానో నాకే భయమేసింది. ఇంతలో లోపల్నుంచి పిన్నిగారు పిలిచారు. గదిలోకి వెళ్లేసరికి ఆవిడ బీరువాలోంచి ఒక కవరు తీసి పట్టుకుని ఉన్నారు. స్టూడియోవాడు తిరిగిచ్చిన అసలు ఫొటో. కుడివైపు మాస్టారు, పై గుండీ లేని చొక్కాలో, ఏదో అడగబోతున్నట్టు. ఎడమవైపంతా తెల్లటి మరక.

"అక్కడ కూర్చోబెట్టినాయన ఎవరో నాకు తెలీదు నాయనా," అన్నారు. "నాలుగు రోజుల్నుంచీ ఊరుకున్నా, అన్నయ్యగారు ప్రేమతో చేయించారు కదా అని. అందరూ దణ్ణం పెడుతుంటే ఇవాళ నా వల్ల కావట్లేదు. ఇది పెట్టు."

గోడకున్న ఫ్రేమొకటి దింపాను. చారల రొయ్య ఉన్న ఫ్రేమే అది. ఆవిడ తలూపారు. రొయ్య మీదే ఆ ఫొటో సర్ది, తీసుకెళ్లి కుర్చీలో పెట్టాను. కోటాయన్ని తీసి తలుపు వెనక గోడకి తిప్పి ఆనించాను. పిన్నిగారు తన చేత్తో దండ సవరించారు.

కరస్పాండెంటు గారు కంగారుగా దగ్గరికొచ్చారు.

"అదేంటమ్మా! భోజనాలకి ఊరంతా వస్తుంటే... అటువైపు మనిషే కనపడట్లేదు కదమ్మా!"

పిన్నిగారు ఆ తెల్లటి మరక మీద చీర కొంగుతో మెల్లిగా తుడిచారు.

"ఫర్లేదు అన్నయ్యగారూ," అన్నారు. "అటువైపు నేను చూశాను."